ఉప్పుకు పుట్టిన పొడి

మా స్నానాలగది కడిగినప్పుడల్లా బ్లీచింగ్ వాసన నా ముక్కులోకి కాదు, నేరుగా మనస్సాక్షిలోకి వెళుతుంది. ఉప్పుకూ ఆ పొడికీ తేడా తెలియని తెలివితక్కువవాణ్ణి ఒకప్పుడు ప్రొద్దుటూరు మొత్తమ్మీద నేనొక్కణ్ణే. తెలియకపోయినా ఫరవాలేదు, తెలుసనుకున్నాను.

ఎండాకాలం చివర. ఊరగాయలకు తెచ్చిన రాళ్ళఉప్పు, మావిడిజీడి వగరు, ఆవపొడి ఘాటు ఇల్లంతా పరుచుకునుండగా, బావిలో చల్లాక మిగిలిన బ్లీచింగ్ పొడి డబ్బా ఒకటి వసారాలో ఉండేది. మా అక్కకు పులివెందులలో టీచరుద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆ రోజుకని నాన్న కొన్న ఎర్ర నూలుచీరను, ఆమెకున్న ఒకే ఒక్క కొత్తచీరను, అమ్మ నా చేతికిచ్చి, "పిడికెడు ఉప్పేసి నానబెట్టురా, రంగు దిగకుండా నిలబడతాది" అంది.

అంతలో జమ్మలమడుగునుంచి అమ్మ తమ్ముడు, మా మామ దిగాడు. ఆఫీసులో గుమాస్తా, అర్జీ పెట్టకపోయినా సలహా మంజూరు చేసేవాడు. నశ్యం పీల్చి నాకు రసాయనశాస్త్రం చెప్పాడు: "ఉప్పునీళ్ళలోకి కరెంటు ఇడిస్తే క్లోరిన్ వస్తాదప్పా. దాన్ని సున్నానికి పట్టిస్తే బ్లీచింగు. ఉప్పుకు పుట్టిందే గానీ శానా బలమైంది."

నేను ఆలోచించాను. చేసిన తప్పు అదే. తల్లే రంగును అంత పట్టుకుంటే, బలమైన బిడ్డ ఇంకెంత గట్టిగా పట్టుకోవాలి! ఉప్పుకు బదులు ఆ పొడే మూడు పిడికిళ్ళు వేశాను.

గంట తర్వాత తీస్తే చీర వెలిసింది, నేను వెలవెలబోయాను. తెలుపుమీద ఎరుపు తట్టు పోసినట్టు మిగిలింది. అక్క తిట్టలేదు, కొట్టలేదు. తడిచీర పట్టుకుని, "మొదటిరోజు పిల్లోల్ల ముందర కొత్తకోకతో నిలబడాలనుకుంటిరా" అంది. సోమవారం అమ్మ పాతచీర, అతుకు కుచ్చిళ్ళలో దాచి కట్టుకుని, పులివెందుల బస్సెక్కింది.

మామ మాత్రం తానేమీ అననేలేదని ఒట్టు పెట్టి, చుట్టాలందరిలో నాకు 'చలువ పంతులు' అని పేరు పెట్టాడు.

ఉప్పులో క్లోరిన్ సోడియంతో కాపురం కుదిరిన సంసారి అనీ, బ్లీచింగులో అదే క్లోరిన్ ఆక్సిజన్‌ను వెంటేసుకుని రంగులతో తగాదాలు పెట్టుకునే పోకిరి అనీ, తగాదా తీరాక నెమ్మదించి మళ్ళీ ఒక రకం ఉప్పే అవుతుందనీ కాలేజీలో తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ చీరలు ఉప్పులో నానబెట్టరు. అక్క చీరకు పనికిరాని ఆ జ్ఞానాన్ని దేనికి వాడను?

కానీ ఆ శ్రావణంలో, జ్ఞానం లేకుండానే, ఒక పని చేశాను. ఖాజీపేటలో పెళ్ళికి పోతూ ముందురోజే మా ఇంట్లో దిగిన మామ, పసుపెక్కిన పంచె నా ముందు పడేసి, బ్లీచింగులో నానేసి తెల్లగా మెరిపించమన్నాడు. నశ్యానికి మొద్దుబారిన ఆ ముక్కుకు ఏ వాసనా అందదు. రెండు దోసిళ్ళ ఉప్పు వేసి, పిండకుండా ఆరేశాను. పంచె పసుపు పసుపుగానే ఉంది. అట్టలా బిగిసిన ఆ పంచెతోనే మామ పెళ్ళికొచ్చి, ఎవరికి సలహా ఇవ్వడానికి నిలబడినా, పెళ్ళివారి దూడ ఒకటి వెనకనుంచి వచ్చి ఆయన గోచి నాకసాగింది. తోలితే పోయి, మళ్ళీ వచ్చేది.

"ఏందప్పా ఈ దూడ, నన్నే పట్టుకోని తిరుగుతాండాది?" అని మామ నన్నే అడిగాడు.

"ఉప్పు తిన్న ఇశ్వాసం మామా" అన్నాను.