మేడం తప్పు దిద్దుకున్న సాయంత్రం

"అక్కా, అమ్మ పోయింది," అని మా కెమిస్ట్రీ మేడం కూతురు ఆదివారం పొద్దున ఫోన్ చేసి చెప్పింది. పోయిన నెల నేను చూడడానికి వెళ్తే, మంచం మీదే లేచి కూర్చుని నా చేత రెండుసార్లు చాయ్ పెట్టించుకున్న మనిషి. అంత తొందరగా వెళ్లిపోతారని అనుకోలేదు.

చేవెళ్లలో ఇంటర్ చదివినప్పుడు ఆమె మాకు పాఠం చెప్పారు. పరమాణువుల సైజుల పాఠం వచ్చిందంటే చేతి గాజు ఒకటి తీసేవారు. దాన్ని బోర్డుకు ఆనించి చాక్‌పీసుతో చుట్టూ గీస్తే సోడియం పరమాణువు. బ్యాగులోంచి తన పాప గాజు తీసి గీస్తే సోడియం అయాన్. క్లోరిన్‌కు ఇది తిరగబడేది. పరమాణువుకు పాప గాజు, అయాన్‌కు తన గాజు. "ఎలక్ట్రాన్ పోతే చిక్కిపోతది, వస్తే ఉబ్బుతది. గంతే," అనేవారు. సాయంత్రం దాకా ఆ గాజులు తెల్లగా చాక్‌పీసు పొడితోనే ఉండేవి.

ఒకసారి, తెల్లారితే పరీక్ష అనగా, బోర్డు మీద నాలుగు అయాన్లు రాశారు. ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం, మెగ్నీషియం. నాలుగింటిలోనూ పదేసి ఎలక్ట్రాన్లే. వాటిలో మెగ్నీషియం అన్నిటికంటే పెద్దదని చెప్పారు. నేను లేచి, దానికి ప్రోటాన్లు ఎక్కువ కదా, ఎలక్ట్రాన్లను ఇంకా దగ్గరికి లాక్కోవాలి కదా అని అడిగాను. పాఠం అయిపోవాలన్న తొందరలో ఉన్న మేడం కూర్చోమని గట్టిగా గదమాయించారు. క్లాసంతా నవ్వింది. ఇక ఈ క్లాసులో నోరు తెరవకూడదనుకున్నాను.

ఆ సాయంత్రం సురంగల్‌లో మా ఇంటి ముందు స్కూటీ ఆగింది. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోటపని చేసే మా బాపు అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మేడంను చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"ఏం చేసింది మేడం మా పిల్ల?"

"మీ పిల్ల ఏం చెయ్యలే. తప్పు నేను రాసిన, ఆమె చెప్పిందే కరెక్టు. గది చెప్పనీకే వచ్చిన."

తర్వాత నా వైపు తిరిగారు. "ఇంకోసారి అడగకపోయినవ్? ఎందుకు కూసున్నవ్?"

"మీరే కదా మేడం, కూసోమన్నది."

"నేనంటె కూసుంటవా?"

ఆ సంగతేమిటో అర్థం కాకపోయినా, బాపు ఆ రాత్రంతా నన్ను కొత్తగా చూశాడు.

మా ఇళ్లలో అప్పుడు ఫోన్లు లేవు. చేవెళ్ల పిల్లలకు చెప్పేసి వచ్చారు కానీ, మొయినాబాద్ వైపు ఇంకా ఐదుగురున్నారు. ఇళ్లు చూపించడానికి నన్ను స్కూటీ ఎక్కించుకున్నారు. ప్రతి ఇంట్లోనూ తప్పు తనదేనని, సరిచేసింది నేనని చెప్పారు. మూడో ఇంటికి వచ్చేసరికి నాకే సిగ్గేసింది.

తెల్లారి పరీక్షలో ఆ ప్రశ్న రానే లేదు. బయటికొచ్చి మేమంతా నవ్వుతుంటే, "రాకుంటె ఏమాయె, మీ నోట్సుల తప్పుండొద్దు గదా," అన్నారు.

ఇప్పుడు నేను మోకిలలో పిల్లలకు సైన్స్ చెబుతున్నాను. పిల్లలెవరైనా నా తప్పు పట్టుకుంటే ముందు మనసు చివుక్కుమంటుంది. తర్వాత బోర్డు తుడుస్తాను. ఆ రెండో పని ఆమె నేర్పిందే.

ఆ సాయంత్రం చివరగా మా క్లాసు అనసూయ ఇంటికి వెళ్లాం. ఆమె కొట్టంలో బర్రె పాలు పిండుతోంది. చేతులు ఖాళీ లేవు, రాసుకునే వీలు లేదు. దూడ తల్లి మీదికి ఎగబడుతుంటే మేడం చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని దాని పలుపు తాడు పట్టుకుని నిలబడ్డారు. పాలధారలు చెంబులో పడుతుండగా, అనసూయ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా అప్పజెప్పింది. ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం, మెగ్నీషియం. దూడ కొంగు నములుతున్నా పట్టించుకోకుండా, మేడం ఒక్కొక్క పేరుకూ తల ఊపుతున్నారు.