వెళ్ళిన వేళ రాయని రిజిస్టర్

రిటైర్‌మెంటుకు మూడు నెలలుండగా, జూన్ మొదటి వారంలో, చిక్కడపల్లిలోని ఒక పాత పఠనాలయం కాగితాలను జాబితా చేయమని నన్ను పంపారు. అప్పటికి నేను రికార్డుల కార్యాలయంలో సీనియర్ ఆర్కైవిస్టును. పఠనాలయం మూతపడి తొమ్మిదేళ్ళయింది. భవనం కూల్చి హాస్టల్ కడతారట. చరిత్ర చదివినవాళ్ళకు టీచరు పనో, గ్రూప్స్ కోచింగో తప్ప దిక్కు లేదనుకుంటారు గానీ, మా పనీ వాళ్ళదే. ప్రతి కట్టా ఏమిటో, అందులో మొదటి తేదీ, చివరి తేదీ ఏవో చూసి, షీటులో రాసి సంతకం పెట్టాలి. రికార్డు దగ్గరికి పెన్ను రానివ్వం. రాసేదంతా పెన్సిలుతోనే.

సహాయానికి లావణ్య వచ్చింది. నారాయణగూడ కాలేజీలో చరిత్రతో బి.ఏ. ముగించి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటోంది. నేను మంచి సర్టిఫికెట్ ఇస్తే మా ఆఫీసులో కాంట్రాక్టు పోస్టు దొరుకుతుంది. జులైలోపు ఉద్యోగం రాకపోతే ఊరికి తీసుకుపోతానని వాళ్ళ బాపు చెప్పేశాడు. పిల్ల చురుకైనది, నోరు అంతకన్నా చురుకు.

మొదటి రోజు పాఠకుల హాజరు రిజిస్టర్ తీశాం. తేదీ, పేరు, చదివే విషయం, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ అని ఐదు గడులు. పఠనాలయం మూసిన రోజుతో పేర్లన్నీ ఆగిపోయాయి, ఒక్కటి తప్ప. జి. రాజలింగం, చరిత్ర, ఉదయం 9.10. ఆ తర్వాత పేజీల కొద్దీ రోజూ అదే పేరు, అదే సిరా. వెళ్ళిన వేళ మాత్రం ఎక్కడా రాసి లేదు. చివరి వరుసలో ఆ రోజు తేదీయే ఉంది. మేము తాళం తీసింది పదింటికి.

వాచ్‌మన్ మల్లయ్య మీద కేకలేశాను. "తాళంచెవి నా తాననే ఉంటది మేడం, ఎవ్వలు రారు," అన్నాడు. అతనికి రాయడం రాదు, మా షీటు మీద వేలిముద్రే వేశాడు. సాయంత్రం రిజిస్టరును బీరువాలో పెట్టి, ఆ తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. మర్నాడు కొత్త వరుస ఉంది. మూడో రోజూ ఉంది. దాని మీద వేలు పెడితే సిరా అంటుకుంది.

నాలుగో రోజు కొత్త వరుస లేదు. ముందు రోజు వరుసలో, వెళ్ళిన వేళ కింద, పెన్సిలుతో 5.30 అని ఉంది. లావణ్యను అడిగాను.

"నేనే రాసిన మేడం, నిన్న బీరువల పెట్టేముందు. గిన్నేండ్ల సంది లోపటికి వచ్చుడే గని బయటికి పోయినట్టు లేదు. పరేషానైంది. ఇంటికి పోయిండని రాసిన," అంది.

రికార్డు మీద గీత పెట్టినవాళ్ళను పని నుంచి తీసేయాలన్నది మా నియమం. నేనే ఒక ఉపాయం చెప్పాను. ఆ 5.30 రబ్బరుతో చెరిపేద్దాం, చివరి తేదీ పఠనాలయం మూసిన రోజని రాద్దాం. పెన్షన్ ముందు విచారణలెందుకని నా బాధ. ఆమె ఒప్పుకోలేదు.

"నేను రాసింది నాది, ఆయన రాసింది ఆయనది. రెండూ ఎక్కియ్యాలె మేడం," అంది. రిమార్కుల్లో అంతా రాసి సంతకం చేసింది.

షీటు చూసి పై అధికారి నన్ను పిలిపించాడు. పెన్సిలు రాత ఒక్కటే చూశాను, మిగతాది నాకు తెలియదు అన్నాను. ఆమెకు పోస్టు రాలేదు. జులై మొదట్లో వాళ్ళ బాపు వచ్చి కాచిగూడలో రైలెక్కించాడు. నాకు సిగ్గేసింది, అయినా స్టేషనుకు వెళ్ళలేదు.

రిటైరైన రోజు రిజిస్టర్ మరోసారి తీసి చూశాను. ఆ 5.30 తర్వాత ఒక్క వరుసా లేదు.

మా ఉద్యోగానికి చరిత్రలో డిగ్రీ కావాలి, పాత చేతిరాతలు చదవడం రావాలి, ఓపిక ఉండాలి. వీటన్నిటికన్నా ముందు, చూసింది చూసినట్టు రాసి కింద పేరు పెట్టగలగాలి. ముప్పైమూడేళ్ళ సర్వీసున్న నేను ఆ పని చేయలేదు. నాలుగు రోజుల అనుభవమున్న ఆ పిల్ల చేసింది.