క్రాస్‌లైన్ అంటే పక్కింటి అక్క

జహీరాబాద్‌లో మేము అద్దెకున్నది ఒకప్పుడు ఒకటే ఇల్లు. ఓనరు మధ్యలో సన్నటి గోడ లేపి రెండు పోర్షన్లు చేశాడు. ఒకదాంట్లో మేము, ఇంకోదాంట్లో అక్క వాళ్లు. ఆమె రొట్టె తడుతుంటే ఆ చప్పుడు నా వంటింట్లోకి వినబడేది.

కోహీర్ దగ్గర ఒక పల్లె నాది. పెళ్లయి ఇక్కడికి వచ్చాను. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పోతాడు, ఇంట్లో ఉన్నంతసేపు నిద్రపోతాడు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. ఊళ్లో నాకంటూ ఉన్న మనిషి అక్క ఒక్కతే. ఆమె పుట్టిల్లు హుమ్నాబాద్ అవతల. తెలుగు మాట్లాడుతూనే నడుమ నడుమ కన్నడంలోకి పోయేది. భర్తకు బజార్లో చిన్న బట్టల దుకాణం. నేను బడి నుంచి వచ్చే వేళకు చాయ్ పెట్టి రెండు గ్లాసులు పట్టుకొని మెట్ల మీదికి వచ్చేది. చీకటి పడేదాకా కూచునేవాళ్లం. ఏం మాట్లాడుకునేవాళ్లమో చెప్పమంటే ఇప్పుడు చెప్పలేను. గొప్ప సంగతులైతే కావు.

మేడం మా జీవితంలోకి వచ్చింది నా వల్లనే. ఆమె కూతురు నా క్లాసులో చదివేది. ఒకరోజు పాప మార్కులు అడగడానికి ఇంటికి వచ్చి, పోయేముందు బ్యాగులోంచి ఒక ప్రొటీన్ పొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. డబ్బాలు కొని చేరి, ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ వచ్చే బిజినెస్. ఇది అమ్మకం కాదని, మనుషుల్ని కలుపుకుంటూ పోవడమని చెప్పింది. నేను చేరింది ఆ పొడి మీద నమ్మకంతో కాదు. మర్నాటి నుంచి ఆమె రోజూ పొద్దున ఫోన్ చేసి, ఎట్లున్నరు టీచర్, తిన్నరా అని అడిగేది. అట్లా అడిగే మనిషి దొరికిందని చేరాను.

అదే వారం అక్కను కూడా చేర్చుకుంది. ఆ సంగతి తెలిసి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇద్దరం కలిసి తిరుగుతామని మేడంతో చెప్పాను. ఆమె నా నోటుబుక్కు అడిగి తీసుకుంది. పైన ఒక సున్న చుట్టి అది తానంది. దాని కింద రెండు గీతలు గీసి, కొసన ఇంకో రెండు సున్నాలు చుట్టింది. ఒకటి నేను, ఒకటి అక్క. నా పైన ఉన్నందుకు ఆమె నాకు అప్‌లైన్. నేను చేర్పించేవాళ్లు నాకు డౌన్‌లైన్. మరి మేమిద్దరం ఒకరికొకరం ఏమవుతామని అడిగాను.

"మీరిద్దరు క్రాస్‌లైన్" అంది.

పాఠం చెప్పుకునేదాన్ని కదా, కొత్త మాట వింటే సొంతంగా అర్థం చెప్పుకోవడం అలవాటు. ఒకే మనిషి కింద పక్కపక్కన ఉన్నవాళ్లం, అంటే తోబుట్టువుల లెక్క అనుకున్నాను. అర్థం దాదాపు అదే. వాడుక వేరని తర్వాత తెలిసింది. మంచి ఏదైనా ఉంటే కిందివాళ్లకు చెప్పాలట, బాధ ఉంటే పైవాళ్లకు చెప్పాలట, పక్కవాళ్లకు మాత్రం ఏదీ చెప్పొద్దట. జలుబు అంటుకున్నట్టు ఒకరి నిరాశ ఇంకొకరికి అంటుకుంటుందట. ఇద్దరు క్రాస్‌లైన్లు కూచుని కష్టాలు చెప్పుకుంటే ఇద్దరూ మానేస్తారట. అక్కకు కూడా ఇదే చెప్పిందని తర్వాత తెలిసింది.

మొదట్లో మేము బిజినెస్ మాటలే మానుకున్నాం. కానీ కొన్ని నెలల్లో మా ఇద్దరి రోజుల్లో బిజినెస్ తప్ప ఇంకేం మిగల్లేదు. తెలిసినవాళ్ల పేర్లన్నీ రాయమంటే కూచుని రాశాను, పేజీ కూడా నిండలేదు. అందులో అక్క పేరు కొట్టేయమని మేడం చెప్తే కొట్టేశాను. రాయికోడ్‌లో ఉన్న మా చిన్నమ్మ నా ఫోన్ ఎత్తడం మానేసింది. స్టాఫ్‌రూములో నేను పోయి కూచుంటే పక్క టీచర్లు కాపీలు దిద్దాలని లేచిపోయేవాళ్లు. ఇవన్నీ చెప్పుకోవాల్సింది మెట్ల మీద. మెట్ల మీద అక్క, ఎట్ల నడుస్తుంది చెల్లె అని అడిగేది. మస్తు నడుస్తుంది అనేదాన్ని. నేనడిగినా అదే జవాబు. తర్వాత తర్వాత చాయ్ ఎవరి ఇంట్లో వాళ్లం తాగడం మొదలైంది. గొడవేం లేదు, మాటా మాటా అనుకున్నది లేదు.

ఆదివారాలు హైవే పక్కన ఫంక్షన్ హాల్లో మీటింగులు. ఒక ఆదివారం మేడం నన్ను స్టేజీ మీదికి పిలిచి చప్పట్లు కొట్టించింది, నా కింద ఇద్దరు చేరినందుకు. అక్కను అందరి ముందర లేపి, ఇన్నాళ్లయినా ఒక్కరిని తేకపోతివని అంది. అక్క కుర్చీ వెనక పట్టుకొని నిలబడి నవ్వింది. ఆ రోజు ఇంటికి ఒకే ఆటోలో వచ్చాం. దారంతా బయటికి చూస్తూ కూచున్నాం.

ఆ వారంలోనే బడిలో పరీక్షలని ఒంటిపూటకే వదిలేశారు. ఇంటికి వచ్చి పచ్చడికి పల్లీలు వేయించుకుంటున్నాను. గోడ అవతల ఏడుపు వినబడింది. టీవీ అనుకున్నాను మొదట. టీవీ కాదు, అక్క. ఆమె ఏడవగా అంతకుముందు నేను విననే లేదు. స్టవ్ ఆర్పి, తలుపు తీసి, చెప్పులు కూడా వేసుకున్నాను.

అక్కడే ఆగిపోయాను. ఆదివారం జరిగినదానికే ఏడుస్తుందనుకున్నాను. పోతే ఆమె చెప్తుంది, నేనూ చెప్తాను, ఇద్దరం మానేస్తాం. మేడం మాట అక్షరాలా గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని రాయకపోతే ఇది రాసి లాభం లేదు. ఆమె వెనకబడింది, నేను ముందున్నాను అని లోపలెక్కడో చిన్న తృప్తి కలిగింది. చెప్పులు విప్పి వంటింట్లోకి వచ్చి మిక్సీ వేశాను. పచ్చడి అయిపోయినా ఆపలేదు. ఆపేసరికి గోడ అవతల చప్పుడు లేదు. కాసేపటికి గేటు తీసిన శబ్దం, ఆటో పోయిన శబ్దం వినబడ్డాయి.

మూడు రోజులు తలుపుకు తాళం ఉంది. నాలుగో పొద్దున పాలు పోసే ఆమె చెప్పింది, అక్క వాళ్ల అమ్మ పోయిందని. నీకు తెల్వదా, పక్కపొంటి ఉంటవు గదా అంది.

దినాలైనాక అక్క వచ్చింది. నేను పోయేసరికి నేల మీద కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కన కూచున్నాను.

"ఒక్క మాట చెప్పకపోతివి అక్కా" అన్నాను.

"బాధ పైకే చెప్పుమన్నరు గదా. మేడంకు చెప్పిన. పాజిటివ్‌గ ఉండుమని మెసేజ్ వెట్టింది." చేట పక్కకు జరిపి నా మొహంలోకి చూసింది. "అవ్వ పోయిందని ఫోనొచ్చినప్పుడు ఇంట్ల ఒక్కదాన్నే ఉన్న. గోడకు తల వెట్టి ఏడ్చిన. నువ్వు ఇంట్ల లేవా చెల్లె?"

"బడిల ఉన్న" అన్నాను.

ఆమె సరే అన్నట్టు తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. లేచి పోయి బీరువా తెరిచింది. చీరల కింద మూత తీయని పొడి డబ్బాలు. మా ఇంట్లో కూడా మంచం కింద అట్లాగే ఉన్నాయని అప్పుడు చెప్పాను. ఆ సాయంత్రమే ఇద్దరం మేడంకు ఫోన్ చేసి మానేస్తున్నామని చెప్పాం. మర్నాడు పొద్దున నాకు, తిన్నరా టీచర్ అనే ఆ ఫోన్ రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

చాయ్ మళ్లీ మొదలుపెట్టాం గానీ మాటలు కుదరలేదు. ఆమె తన తల్లి ముచ్చట తీసినప్పుడల్లా నేను ఏదో పని గుర్తొచ్చిందని లేచేదాన్ని. ఏడాది తిరగకముందే వాళ్లు దుకాణం తీసేసి హుమ్నాబాద్ పోయారు.

పోయిన ఎండాకాలం వాళ్ల కొత్తింటి గృహప్రవేశానికి పోయాను. పొద్దున్నే చేరుకుని ఆమెకు ఒక్కదానికే నిజం చెప్పాలనుకున్నాను. వంటింట్లో కాసేపు ఇద్దరమే ఉన్నాం. నేను నోరు తెరిచేలోగా ఆమె ఆడబిడ్డ లోపలికి వచ్చింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, జహీరాబాద్‌ల నాకు ఈ చెల్లె ఒక్కతే దిక్కుండె అని ఆమెకు చెప్పింది. భోజనాల దగ్గర తల వంచుకొని విస్తరిలో ఉన్నది తిన్నాను.

తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు చిరాగ్‌పల్లి దాటుతుంటే ఆమె ఫోన్ చేసి, చేరినవా చెల్లె అని అడిగింది. ఇంకో పావుగంటలో దిగుతానని మాత్రం చెప్పాను.