తాత కాల్చిన తుపాకీ

హెబ్రోను కడ్డీకి గుడ్డపేలిక చుట్టి పాత రైఫిలు గొట్టంలో తోస్తున్నాడు. ఇందుకూరుపేటలో తుపాకులు బాగుచేసే ఈ మనిషి ముందు గొట్టం తుడుస్తాడు, తరవాతే నోరు తెరుస్తాడు. ఉప్పుగాలి ఇనుమును ఎలా తింటుందో ఎరిగినవాడు కాబట్టి పిడి మీది నగిషీల వైపు చూడనే చూడడు. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి లైసెన్సు తెచ్చుకున్న రేవతి, ఇది కొనాలా కొత్తది కొనాలా తేల్చమని వచ్చింది. దాన్ని అమ్మజూపుతున్న పెంచలకృష్ణ ఊపిరి తీసుకోకుండా ఊదరగొడుతున్నాడు. “మా తాత దీన్ని కాల్చని రోజు లేదక్కా. రోజుకో పంది, పండక్కో పులి. కొత్తవాటికి ఆ చరిత్ర యాడుంది?”

హెబ్రోను గొట్టం వెనక బొటనవేలి గోరు పెట్టి, దాని మీద పడ్డ వెలుతురు లోపలికి కొడుతుంటే రెండో కొస నుంచి చూశాడు. గుండును తిప్పి పంపే మెలిక గీతలు పదునుగా మెరిశాయి.

“అబ్బయ్యా, మీ తాత దీంతో పిల్లిని గూడా కొట్టలా.”

“నోరు జాగ్రత్తన్నా!”

“రోజూ కాల్చుంటే ఈ గీతలు అరిగిపోయుండేవి, నేనే వద్దనేవాణ్ణి. కాల్చలా గాబట్టే కొత్తదానికంటే ఇది మేలు. ఇప్పుడు చెప్పు, పులులా, బేరమా?”

రేవతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెంచలకృష్ణ తన మీసం దువ్వుకున్నాడు.

“మా తాత మీసం చూసే పులులు పారిపొయ్యేవక్కా. కాల్చే పనే పడలా.”

హెబ్రోను గొట్టానికి పలచగా నూనె పూసి, తుపాకీ పెంచలకృష్ణ చేతికిచ్చాడు.

“కాగితాలు అమ్మాయి పేరుకు మారిందాకా నీ కాడే ఉంటది. కాల్చబాక.”