సలోమక్క టీవీలో లాటిన్ పాటల పండుగ

ఇవాళ పొద్దున మిర్యాలగూడలో నా పార్లర్ షట్టర్ ఎత్తి టీవీ పెట్టగానే ట్రంపెట్ల మోతతో గది నిండిపోయింది. అప్పటికే స్ట్రెయిట్‌నర్ వేడెక్కి, జుట్టు వాసనా మల్లెపూల వాసనా కలిసి ముక్కుకు తగులుతున్నాయి. టీవీలో లాటిన్ సంగీత పురస్కారాల వేడుక. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో పాడేవాళ్లకు ఏటా ఇచ్చే బహుమతులవి. అమెరికాలో రాత్రి, మనకు తెల్లవారడం. కుర్చీలో కూర్చున్న పెళ్లికూతురు "ఇదేం పాట అక్కా, ఒక్క ముక్క సమజైతలేదు" అంది. అర్థం కాకూడదనే పెట్టాను తల్లీ అనుకున్నాను. ఆ తెలివి నాది కాదు, సూర్యాపేటలో పార్లర్ నడిపిన సలోమక్కది.

ఆమె దగ్గర చేరకముందు నేను కోదాడలో ఒక పార్లర్‌లో పనిచేశాను. పనంతా నేర్పారు గానీ ముందు గదిలోకి రానిచ్చేవారు కాదు. "నువ్వు లోపల టవల్స్ చూసుకోమ్మా. నిన్ను చూస్తే కస్టమర్లు, ఈ పిల్లకే తెల్లబడలేదు, మనకేం తెల్లబడుద్ది అనుకుంటారు" అని ఓనరమ్మ ప్రేమగానే చెప్పేది. ఆ ప్రేమకే నాకు ఒళ్లు మండేది. నా రంగు మా నాన్న ఇచ్చింది. నేరేడుచర్ల రైస్ మిల్లులో తవుడు మీద పడితే తప్ప ఆయన తెల్లగా కనబడేవాడు కాదు.

ఒకరోజు విసుగొచ్చి అక్కడ మానేసి సూర్యాపేట బస్సెక్కాను. సలోమక్క నా ముఖం సంగతి పట్టించుకోలేదు, చేతులు తిప్పి చూసింది. "గోర్లు తీసుకున్నవ్, మంచిగుంది. రేపటి సంది ముందటి కుర్చీ నీదే."

"ముందటిదా అక్కా?"

"మరి వెనక నుంచి పూస్తవా ముఖానికి?"

సలోమక్క భారీ మనిషి. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని షాపంతా దానికోసమే వెతికేది. ఆదివారం చర్చి అయ్యాకే షాపు తెరిచేది, ఎంత పెద్ద ముహూర్తమున్నా సరే. పెళ్లికూతుళ్లను తయారుచేసే వేళ మాత్రం తెలుగు పాటలు పెట్టనిచ్చేది కాదు. "అప్పగింతల పాటొక్కటి వచ్చిందనుకో, పిల్ల ఏడుస్తది, కాటుక చెంపలకు కారుతది, మళ్ల మొదటికొస్తది పని. గిదైతే ఎవ్వలకు తెల్వదు, ఎవ్వలు ఏడ్వరు" అనేది. కార్తీకమాసం పెళ్లిళ్ల రద్దీలో ఈ వేడుక వచ్చిందంటే ఆమెకు పండుగే. బహుమతి ఎవరికొస్తుందో మేమిద్దరం పందెం వేసుకునేవాళ్లం, ఓడినవాళ్లు మిర్చి బజ్జీలు తేవాలి. "సూడు, పేరు పిలవకముందే కండ్లు తుడుసుకుంటుంది, గామెకే" అనేది ధీమాగా. పాపం, చాలాసార్లు బజ్జీలు ఆమే తెచ్చేది.

ఒక్క విషయంలో మాత్రం సలోమక్క కూడా ఊరందరి దారిలోనే నడిచేది. ఏ రంగు పిల్ల కూర్చున్నా గోడకు సున్నం వేసినట్టు తెల్లగా చేసి పంపేది. ఒకసారి ముహూర్తాల హడావుడిలో ఒక పెళ్లికూతురి అన్న లోపలికొచ్చి, తన చెల్లెలే అనుకుని వేరే ఇంటి పెళ్లికూతురి పెట్టె ఎత్తుకుని "పా చెల్లె, ఆలస్యమైతుంది" అన్నాడు. చెల్లెలు పక్క కుర్చీలోంచి "అన్నా, నేనిక్కడున్న" అంటే అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. సలోమక్క కూడా నవ్వింది గానీ, ఆ రోజంతా ఏదో ఆలోచనలో పడింది.

ఆ మరుసటి ఏడు కార్తీకంలోనే ఆత్మకూరు నుంచి శిరీష అనే పెళ్లికూతురు వచ్చింది. నా రంగే. వెనక సోఫాలో పెళ్లికొడుకు మేనత్త కాపలా కూర్చుంది. నేను నుదుటి మీద తెల్ల ఫౌండేషన్ మొదలుపెట్టాను. టీవీలో ఎవరిదో పేరు పిలిచారు. పసుపు పచ్చ గౌను వేసుకున్న ఒక చామనచాయ గాయని లేచి వేదిక ఎక్కింది. జనమంతా నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"అక్కా, గామె రంగు నా రంగే గద?" అంది శిరీష. "మరి గామెకు తెల్లగ పుయ్యలేదేంది?"

 సలోమక్క తడిగుడ్డ తెచ్చి శిరీష నుదురు తుడిచేసింది. "నీకెట్ల గావాలె బిడ్డా?"

"నా లెక్కనే గావాలె."

మేనత్త లేచి నిలబడింది. "ఏం సేస్తున్నవమ్మా? మా పిలగాని పక్కన నల్లగ కనవడితే మాట మాకొస్తది. తెల్లగ సేస్తవా, ఇంకో పార్లర్‌కు తీస్కపోవాల్నా?"

"పిల్ల వస్తనంటే తీస్కపో" అంది సలోమక్క.

సీజన్ మధ్యలో అలాంటి మాటంటే షాపు పేరు పోయినట్టే. నాకు అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. శిరీష లేచి వెళ్లిపోతే నన్ను మళ్లీ టవల్స్ గదిలోకి తోసినట్టే అనిపించింది. శిరీష కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది, లేవలేదు. సలోమక్క బ్రష్షు నా చేతిలో పెట్టింది. "నువ్వే చెయ్యి. ఈ రంగు నీకు తెలుసు."

నా చెయ్యి ఆమె చెంప పక్కన పెట్టుకుని, ముంజేతి మీదే రంగు కలిపాను. నా చర్మంలో కలిసిపోయేదాకా కలిపాను. ముస్తాబయ్యాక శిరీష తండ్రి గుమ్మం దగ్గర నుంచే కూతుర్ని గుర్తుపట్టి "పోదామా బిడ్డా" అన్నాడు. మేనత్త మా ఇద్దరి ముఖాలూ చూడకుండా వెళ్లిపోయింది.

"పోతే పోనీ" అంది సలోమక్క. "ఈ ఆదివారం జర ఎక్కువసేపు ప్రార్థన చేసుకుంటా."

పెళ్లిళ్లు సద్దుమణిగాక ఒక మధ్యాహ్నం ఆ మేనత్త ఒంటరిగా వచ్చింది. గొడవకే వచ్చిందనుకున్నాం. "మీల ఎవలు చేసిన్రు శిరీషకు?" అంది. "నేనే" అన్నాను. వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

"నా పెండ్లినాడు పౌడర్ డబ్బా ఖతం చేసిన్రు నా మీద. మొన్న మనుమరాలు ఆల్బం సూసి, గీమె ఎవలు నానమ్మా అన్నది. నాక్కూడ ఎవలో పరాయిదాన్ని సూసినట్టే ఉంటది. ఒక్క ఫొటో దిగుదామనుకుంటున్న, నా లెక్క."

 సలోమక్క పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఆ పెద్దావిడ ముఖం నాకన్నా కాస్త నలుపు. ముడతల మీద మెల్లగా, ఎక్కడా తెలుపు పొడ లేకుండా చేశాను. అయిపోయాక అద్దంలో చాలాసేపు చూసుకుంది. చెంప తాకి చూసుకుంది.

"ఆఁ, గీమె నాకు ఎరుకే" అంది.

సలోమక్క ఇప్పుడు లేదు. ఆమె గుర్తొస్తే నాకు నవ్వే ముందొస్తుంది, తర్వాత కళ్లు తడుస్తాయి. నా కుర్చీలో ఎవరు కూర్చున్నా, పని ముగించి అద్దం వైపు తిప్పి, పక్కన నిలబడతాను. ఆ మేనత్త అన్న ఆ ఒక్క మాట వాళ్ల నోట వినాలని.