పిడికెడు చింతగింజలు

పదేళ్లు ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరిగాను. మింగుడు పడలేదు, కక్కలేకపోయాను. ఇంట్లో చెప్పలేదు. తోటి టీచర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, బహుశా అందుకే ఈరోజు నోరు పెగులుతోంది. మధ్యలో నన్ను ఆపకండి. ఆపితే సాకులు మొదలుపెడతాను. సాకులు చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు.

విషయం ఇదీ. నేను ప్రాథమిక పాఠశాల టీచరును. బడిపిల్లల ఎన్నికలో ఓట్లు మార్చాను. గెలిచిన పిల్ల ఓడిపోయిందని చెప్పాను.

ఇంతేనా అని మీకు నవ్వు రావచ్చు. నేనూ నవ్వి వదిలేద్దామని చాలాసార్లు చూశాను. పిల్లల ఆటే కదా, దానికేముంది అని. మరి పిల్లల ఆటే అయితే నేనెందుకు గడియ పెట్టుకుని మార్చాను?

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు చౌటుప్పల్ దగ్గర ఒక ఊళ్లో పోస్టింగ్. హైవే పక్కనే బడి. రోజూ ఎల్బీనగర్‌లో బస్సెక్కి వచ్చేదాన్ని. ఆ ఏడు బాలల హక్కుల మీద శిక్షణకు పంపారు. నిజం చెబుతున్నాను, ఆ శిక్షణ నన్ను కదిలించింది. తిరిగొచ్చి వరండా గోడ మీద నీలం రంగుతో నా చేత్తోనే రాశాను, ‘పిల్లలు చెప్పేది పెద్దలు వినాలి’ అని. నెలనెలా బాలల సభ పెడదామన్నాను. పిల్లలే తమలో ఒక ప్రధానమంత్రిని ఎన్నుకోవాలన్నాను. ఒకటో తరగతి వాళ్లకు రాయడం రాదు కదా అని హెడ్మాస్టరు సారు అడిగితే, చింతగింజలతో ఓటు వేయిద్దామని చెప్పాను. రెండు స్టీలు డబ్బాలు, మూతలకు చిల్లులు, ఒక్కో డబ్బాకు ఒక్కో బొమ్మ. పిల్లకు ఒక గింజ. బీరువా చాటుకు వెళ్లి, నచ్చిన బొమ్మ డబ్బాలో గింజ వేసి రావాలి. ఆ ఉపాయం నాదేనని ఎంత మురిసిపోయానో!

ఇద్దరు నిలబడ్డారు, ఇద్దరూ ఐదో తరగతే. అఖిల్‌ది గొడుగు గుర్తు. వాళ్ల నాయిన బడి కమిటీ చైర్మన్. నస్రీన్‌ది తాళంచెవి గుర్తు. వాళ్ల అబ్బాది హైవే మీద పంక్చర్ల దుకాణం. ఆ పిల్ల తాళంచెవే ఎందుకు కోరుకుందో ఎన్నికరోజు దాకా నాకు తెలియదు, నేను అడగలేదు. వినాలని గోడ మీద రాసినదాన్ని, అడగాలని తట్టలేదు.

ఆరోజు మండలం నుంచి ఒక అధికారి చూడటానికి వచ్చారు. అభ్యర్థులు మాట్లాడాలి. అఖిల్ లేచి, బడికి కొత్త బంతి తెప్పిస్తానన్నాడు. చప్పట్లు. నస్రీన్ లేచింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, కానీ గొంతు మాత్రం వణక్కుండా చెప్పింది.

“నేను గెలిస్తె మేడంల బాత్రూం తాళం మాకు గూడ ఇప్పిస్త. మా దాంట్ల నీళ్లు రావు, తలుపు లేదు. ఆడపిల్లలు పొద్దుగాల సంది నీళ్లే తాగుతలేరు. తాగితె పోవాలె గదా. పోనీకి జాగ లేదు.”

అధికారి పకపకా నవ్వారు. “అమ్మాయి మంచిగ అడిగింది” అన్నారు. హెడ్మాస్టరు సారు నా వైపు చూశారు. నా ముఖం కందగడ్డయింది. ఎందుకంటే ఆ తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. బస్సు దిగగానే నేను మొదట వెళ్లేది ఆ బాత్రూంకే. పిల్లలకిస్తే పాడుచేస్తారు, నీళ్లు మిగల్చరు అని నేనే పట్టుబట్టి వేయించిన తాళం అది. ఆడపిల్లలు నీళ్లు తాగడం లేదని నాకు తెలియదా? తెలుసు. ఇంటర్వెల్‌లో ఇళ్లకు పరుగెత్తి వెళ్లి ఆలస్యంగా వస్తే, గుమ్మంలో నిలబెట్టి అక్షింతలు వేసింది కూడా నేనే.

ఓట్లు వేయడం అయిపోయింది. సారు, అధికారి చాయ్ తాగడానికి కూర్చున్నారు. డబ్బాలు పట్టుకుని నేను ఆఫీసు గదిలోకి వెళ్లి గడియ పెట్టాను. బల్ల మీద పోసి లెక్కపెట్టాను. మొత్తం అరవై నాలుగు గింజలు. తాళంచెవికి నలభై ఒకటి. గొడుగుకు ఇరవై మూడు.

చైర్మన్ ఏమనుకుంటాడో అని చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆయన ఆ వైపే రాలేదు, ఏమీ అనేవాడు కూడా కాదు. పదేళ్ల పిల్ల నలుగురిలో నా పరువు తీసింది. బడిలో ఎక్కువమంది ఆమెతో ఔనన్నారు. నాకు మండింది. అంతే. తాళంచెవి కుప్పలోంచి ఒక పిడికెడు తీసి గొడుగు కుప్పలో పోశాను. ఓడించడానికి పది గింజలు చాలు. నా పిడికిట్లోకి ముప్పై వచ్చాయి. తిరిగి కొన్ని వెనక్కి వేయవచ్చు కదా? వేయలేదు. అట్లాగే బయటికొచ్చి ప్రకటించాను. అఖిల్‌కు యాభై మూడు, నస్రీన్‌కు పదకొండు.

చప్పట్లయ్యాక అందరూ అన్నాల వరుసలోకి వెళ్లారు. నస్రీన్ మాత్రం నా దగ్గరికి వచ్చింది.

“మేడం, ఐదో తరగతి ఆడపిల్లలమే పద్నాలుగు మందిమి. అందరు నాకే ఏస్తమన్నరు. మరి పదకొండే ఎట్లొచ్చినయి?”

లెక్కలు నేర్పింది నేనే. ఏం చెప్పాలి? అప్పుడు కూడా నిజం చెప్పొచ్చు. గింజలు బల్ల మీదే ఉన్నాయి.

“ఏస్తమని నోటితోని అందరు అంటరు బిడ్డా. లోపలికి పోయినంక ఎవరికేసిన్రో ఎవరికెరుక? దోస్తులని జల్ది నమ్మొద్దు.”

“శిరీష గూడనా మేడం?”

నేను భుజాలెగరేశాను.

శిరీష ఆమె ప్రాణస్నేహితురాలు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఎల్లమ్మ బిడ్డ. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ఆరోజు నస్రీన్ తన పళ్లెం తీసుకుని దూరంగా కూర్చుంది. శిరీష వెంటపడింది. “అమ్మతోడు, నీకే ఏసిన. నమ్మవే” అని ఏడ్చింది. ఎల్లమ్మ గరిటె పట్టుకునే వచ్చి, “గా పిల్ల అమ్మతోడంటాంది గదనే, ఇంకేం గావాలె నీకు?” అని నస్రీన్‌ను బతిమాలింది. నేను వరండాలో కుర్చీలో కూర్చుని నా డబ్బాలోని అన్నం తింటున్నాను. ఒక్క మాట చాలు. ఆ ముద్ద ఎట్లా దిగిందో నాకు! దిగింది మరి.

ఏడాదంతా వాళ్లు మాట్లాడుకోలేదు. ఐదో తరగతి అయిపోయింది. ఒకరు ఒక హాస్టలుకు, ఒకరు ఇంకో బడికి వెళ్లారు.

అయితే మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను కృతఘ్నురాలిని. ఆ నెలాఖరున మొదటి బాలల సభ జరిగింది. బంతి అడుగుతాడనుకున్న అఖిల్ లేచి నిలబడ్డాడు. “మేడం, ఆడపిల్లలకు తాళం ఇయ్యాలె” అన్నాడు. నేను తెల్లబోయాను. నీకెందుకురా ఆ సంగతి అన్నాను. “నస్రీన్ అడగమన్నది మేడం. గెలిచినవు గదా, అయితే నువ్వే అడుగు అన్నది. అడగకపోతె నేను ఊకె అయిననా ప్రధానమంత్రి?” అన్నాడు. పిల్లలంతా బల్లలు చరిచారు. వెనక వరుసలో నస్రీన్ తల వంచుకుని కూర్చుంది.

ఆమె పదవిని దొంగిలించగలిగాను. ఆమె అడిగినదాన్ని దొంగిలించలేకపోయాను. ఆరోజు హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసి, ఒకటో తరగతి పిల్లకు కూడా అందేంత ఎత్తులో మేకు కొట్టించి తగిలించాను. రెండు వారాల్లో ఆడపిల్లలు కుండ దగ్గర నీళ్ల కోసం తోసుకోవడం మొదలుపెట్టారు. పాడుచేస్తారన్నాను కదా, నా కన్నా శుభ్రంగా ఉంచారు. బకెట్ నింపే వంతులు వాళ్లే వేసుకున్నారు. టీచరంటే ఎవరో, పిల్లల మాట వినడమంటే ఏమిటో నాకు శిక్షణలో తెలియలేదు. నేను ముంచిన పిల్లే నేర్పింది. ఈ మాట గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, నా ఉద్యోగంలో నాకు దొరికిన గురువు ఆ పిల్ల. ఆమె రుణం నా మీద ఉంది.

ఆ రుణాన్ని నేనేం చేశానో వినండి. చింతగింజల ఎన్నిక గురించి అధికారి నలుగురికి చెప్పారు. నన్ను శిక్షణలకు పిలిచారు. నల్గొండలో, ఇంకా ఎన్నో మండలాల్లో టీచర్ల ముందు నిలబడి, పిల్లల గొంతు వినండి అని గంటలు గంటలు చెప్పాను. శాలువాలు కప్పారు. ఒక్కటి మాత్రం ఎక్కడా మానలేదు. గింజలు పిల్లలే లెక్కపెట్టాలి, నేల మీద, అందరి ముందు, టీచరు ముట్టకూడదు అని చెప్పేదాన్ని. ఎందుకు మేడం అంత పట్టింపు అని ఎవరన్నా అడిగితే, పారదర్శకత అనేదాన్ని. నా నోటికి మొక్కాలి.

నెల కిందట నల్గొండ బస్టాండులో ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది. నస్రీన్. డిగ్రీ చదువుతోందట. పక్కనున్న అమ్మాయిలకు నన్ను చూపించి, “మాకు తాళం ఇచ్చిన మేడమని చెప్పిన గదా, గీమెనే” అంది. నీ దయవల్లే బిడ్డా అందామనుకున్నాను. కానీ, బాగున్నావా అని మాత్రం అడిగాను. బస్సు వచ్చే ముందు ఆమే నవ్వుతూ అంది: “మీరు చెప్పింది నేను మరువలే మేడం. దోస్తులని జల్ది నమ్మ. అందుకే నాకు ఫికర్ లేదు.”

నవ్వుతూ అంది. తన మేలు కోరి చెప్పిన మాటగా దాచుకుంది. పదేళ్లు.

ఫోన్ నంబరు ఇచ్చి బస్సెక్కింది. నేను మూడు వారాలు ఆ నంబరు తీస్తూ పెడుతూ గడిపాను. చివరికి మొన్న శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటుండగా, స్టాఫ్‌రూంలో నిలబడి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. నలభై ఒకటి అని చెప్పాను. పిడికెడు అని చెప్పాను. పద్నాలుగు మందీ ఆమెకే వేసి ఉంటారని చెప్పాను.

ఆమె ఒక్కటే అడిగింది.

“శిరీష నంబరున్నదా మేడం మీ దగ్గర?”

లేదన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఆదివారం ఆ ఊరికి, ఎల్లమ్మ ఇంటికి వెళ్లాను. ఎల్లమ్మ ఇంకా అదే బడిలో వండుతోంది. నన్ను చూసి సంబరపడి కూర్చోబెట్టింది. ఆమెకు కూడా చెప్పాను. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాను, కాలేదు. ఎల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, “ఎంత చెప్పినా నస్రీన్ నమ్మకపాయె. నా బిడ్డే నా మీద ఒట్టేసి అబద్ధమాడిందని గా ఏడాదంత దాన్ని తిట్టిన మేడం” అంది. చాయ్ ఇచ్చింది. బిడ్డ నంబరు ఇచ్చింది. వాకిలి దాకా వచ్చింది కానీ, మళ్లీ రమ్మనలేదు.

నంబరును నస్రీన్‌కు పంపాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. క్షమించమని నేను అడగలేదు, ఆమె అనలేదు. విన్నది, అదే నాకు పెద్ద దయ. గొంతులో ఉన్నది బయటికొచ్చింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. అడిగి తెలుసుకునే హక్కు నాకు లేదు.