మొలల తాత ఎడమచెయ్యి

మా అపార్ట్‌మెంటు గ్రూపులో గురువారం పొద్దున, నీళ్ళ ట్యాంకరు గొడవకూ పార్కింగు గొడవకూ మధ్యన, వాచ్‌మన్ ఒక్క ముక్క పెట్టాడు: "మొలల తాత తెల్లారంగ పోయిండు." దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆ వెంటనే మళ్ళీ ట్యాంకరు. నాకు ఒళ్ళు మండింది. కొత్తగూడలో మా బ్లాకు మొత్తం మీద ఆయన చెయ్యి పడని గోడ లేదు. అందుకే ఈ నాలుగు మాటలు. అక్షరాలు తప్పితే సర్దుకుని చదవండి.

ఆయన ఇక్కడివాడే. ఫ్లైఓవర్ లేనప్పటి నుంచీ, కొత్తగూడ ఊరుగా ఉన్నప్పటి నుంచీ వడ్రంగి. మేకును మొల అనేవాడు కాబట్టి పిల్లలు మొలల తాత అన్నారు, తర్వాత అందరం అన్నాం. మేం ఈ ఫ్లాటులో దిగిన కొత్తలో గడియారానికి మేకు కొట్టాలని పిలిస్తే, భుజాన సంచీతో వచ్చి వేలి కణుపుతో గోడంతా తట్టుకుంటూ పోయాడు. "డ్రిల్లు గోడ మాట ఇనదు బిడ్డా. ముందుగాల అడగాలె" అన్నాడు.

ఎడమచెయ్యి జేబులో ఉంది. తీయలేదు. కుడిచేత్తోనే సంచీలోంచి సుత్తి తీశాడు. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. తలకాయ పైన సన్నని గాడి, గాడిలో పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ముక్క. మేకుల డబ్బాలో సుత్తి ముంచితే ఒక మేకు అంటుకుని వచ్చింది. బొటనవేలితో దాన్ని గాడిలోకి సర్ది, మొన ముందుకు పెట్టి, ఒక్క దెబ్బ వేశాడు. మేకు గోడలో నిలబడింది. సుత్తి తిప్పి రెండు దెబ్బలతో దించేశాడు. మదీనాగూడలో ఒక కమ్మరి చేత చెప్పి చేయించుకున్నాడట.

"మొల కొట్టుడు కష్టం కాదు. నిలవెట్టుడు కష్టం. మొదటి దెబ్బకు నిలవడ్డదంటే మిగిలిందంత సుత్తె జూసుకుంటది."

అమ్మది కర్నూలు నోరు, ఊరుకోదు. "ఏమప్పా, ఇంకో చెయ్యి ఇంట్లో పెట్టొచ్చినావా?" అంది.

"ఒకలకిచ్చిన అక్కా. తిరిగి ఇయ్యలే."

అమ్మ నవ్వేసింది. ఆయన నవ్వలేదు. టీ తాగుతూ చెప్పాడు. "దవాఖానల మా ఇంటామె చెయ్యి పట్టుకొని కూసున్న. పట్టుకున్నది పట్టుకున్నట్టే పోయింది. నా చెయ్యి గూడ గప్పుడే సల్లవడ్డది. డాక్టర్లు పక్షవాతం అన్నరు. కావచ్చు. నాకైతే ఆమె తీస్కపోయిందనే అనిపిస్తది." కప్పు తానే కడిగి బోర్లించి వెళ్ళాడు.

నాకు ఇలాంటివి ఎక్కవు. రాయదుర్గంలో పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా కూడు. కానీ పోయినవాళ్ళ ఫొటోకు మేకు కొట్టేటప్పుడు ఆయన చేసే పని ఒకటుండేది. కింది ఫ్లాటులో ఒకామె భర్త పోయినప్పుడు దగ్గరుండి చూశాను. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి గోడకు ఆనించాడు. అలా నిలబడ్డాడు. కాసేపటికి ఆ చచ్చుపడిన వేళ్ళు, చిటికెన వేలితో మొదలై, ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.

"వచ్చిండు. ఇగ కొట్టచ్చు" అన్నాడు.

నరాలు అలా గుంజుకుంటాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఆ రోజు లిఫ్టు ఎక్కబుద్ధి కాక మెట్ల మీదే ఇంటికొచ్చాను.

పోయినేడు అమ్మ ఆసుపత్రిలో పోయింది. ఫొటో ఫ్రేము కట్టించి తాతను పిలిచాను. గడియారం పక్కన చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వేళ్ళు కదల్లేదు. "ఇయ్యాల రాలే బిడ్డా" అని వెళ్ళిపోయాడు. నెల తర్వాత పిలిచాను, అదే మాట. మూడోసారి నాకు కోపం నషాళానికి అంటింది.

"ఒక్క మేకుకు ఇన్ని వేషాలా తాతా? డ్రిల్లు వాణ్ణి పిలుస్తా పో."

"పిలువు. మొల దిగుతది. అయితేంది? ఆమె చెయ్యి సాపింది గదా, నువ్వేం జేసినవ్?"

ఆ సంగతి నేను ఏ ప్రాణికీ చెప్పలేదు. అమ్మ పోయిన రోజు మంచం పక్కనే కూర్చుని ఉన్నాను. ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో ఫోను, అవతల ఆఫీసు మీటింగు. అమ్మ దుప్పట్లోంచి చెయ్యి బయట పెట్టి "చెయ్యి ఇట్లియ్యి పాపా" అంది. "ఒక్క నిమిషం మా" అన్నాను. మాట వినపడటం లేదని వరండాలోకి నడిచాను. తిరిగొచ్చేసరికి ఆ చెయ్యి మంచం అంచు మీద అలాగే తెరిచి ఉంది.

ఏడ్చాను. తాత సముదాయించలేదు. సుత్తి సంచీలో పెట్టుకుంటూ, "ఆమె నా చెయ్యి అడుగుతలేదు బిడ్డా. నీదే అడుగుతున్నది. నాతోని కాదు" అన్నాడు. "నేను పోయినంక ఈ సుత్తె నీకు పంపిస్త. దీనికి ఒక్క చెయ్యే సాలు. రెండోది ఖాళీగుంటది."

శనివారం ఆయన కూతురు వచ్చింది. పాత తువ్వాలులో చుట్టిన సుత్తి నా చేతిలో పెట్టింది. "ఆఖరికి ఒళ్ళంత సల్లవడ్డదక్కా. ఆ ఎడమచెయ్యి ఒక్కటే ఎచ్చగున్నది. పిడికిలి ఇప్పుదమంటే రాలే. అట్లనే సాగనంపినం" అంది. భయపడినట్టు లేదు. జర నిమ్మళపడినట్టే ఉంది.

నిన్న ఆదివారం. మిట్టమధ్యాహ్నం, ఎదురుగా కడుతున్న టవరు మీద మిషన్ల మోత, ఇంటి నిండా ఎండ. సుత్తిని మేకుల డబ్బాలో ముంచాను. ఒక మేకు అంటుకుంది. దాన్ని గాడిలోకి సర్దాను. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించాను. గోడ చల్లగా ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. సిగ్గేసింది కూడా. చివరికి "ఇంద మా" అన్నాను.

ముందు చిటికెన వేలు ముడుచుకుంది. తర్వాత దాని పక్కది. నేను ముడవలేదు.

కుడిచేత్తో ఒక్క దెబ్బ వేశాను. మేకు నిలబడింది. సుత్తి తిప్పి దించేశాను, ఫొటో ఎత్తి తగిలించాను, అంతా ఆ ఒక్క చేత్తోనే. తాతా, నీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీదు.

ఇదంతా కుడి బొటనవేలితోనే టైపు చేశాను. పొద్దుటి నుంచి ఆఫీసు ఫోను మూడుసార్లు మోగి ఊరుకుంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఫొటో ఎదురుగా కూర్చుని ఉన్నాను. వెచ్చగా ఉంది. వేళ్ళు ఇంకా విప్పుకోలేదు. నేనూ విప్పలేదు.